బిగోస్ ఇంట్లో చేస్తే పుల్లపుల్లగా, నీళ్లనీళ్లగా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: పోలండ్‌లో చదువుకుంటున్నాను. క్యాంటీన్‌లో తిన్న బిగోస్ (పులిసిన క్యాబేజీ, మాంసం కలిపి వండే పోలండ్ వంటకం) నచ్చి ఇంట్లో రెండుసార్లు చేశాను. కిలో కపుస్తా కిషోనా (పులియబెట్టిన క్యాబేజీ), కిలో పంది మాంసం, సాసేజ్ అన్నీ ఒకేసారి వేసి గంటన్నర ఉడికించాను. పళ్లు పులిసిపోయేంత పులుపు. రెండోసారి పులుపు తగ్గుతుందని కాస్త పచ్చి క్యాబేజీ వేస్తే అది కరకరలాడుతూ ఉండిపోయింది. అడుగున నీళ్లు తేలాయి. తప్పెక్కడ? హైదరాబాద్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లకు చేసిపెట్టాలంటే ఏ సరుకు దొరుకుతుంది, ఏది దొరకదు?

జవాబు:

సరుకులో పెద్ద తప్పేమీ లేదు. వేసిన వరసలో తప్పుంది, ఉడికించిన సమయం చాలలేదు.

చింతపండు పులుసు పోశాక కందిపప్పు ఉడకదని మనకు తెలిసిందే. క్యాబేజీదీ అదే గుణం. కూరగాయ గట్టిగా నిలబడేది పెక్టిన్ వల్ల, పులుపులో ఆ పెక్టిన్ తొందరగా కరగదు. కపుస్తా కిషోనా తనే పులుపు కాబట్టి మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. ఆ పులుపు నీళ్లలో పచ్చి క్యాబేజీ వేస్తే అదీ అలాగే బిగుసుకుంటుంది. అందుకే రెండు క్యాబేజీలనూ రెండు గిన్నెల్లో విడివిడిగా ఉడికించి, పచ్చిది మెత్తబడ్డాకే కలపాలి. మీ రెండో ప్రయత్నం చెడింది ఇక్కడే.

పులుపు సంగతికొస్తే, బిగోస్‌లో పులుపుకు విరుగుడు పచ్చి క్యాబేజీయే. పంచదార కాదు. పులిసింది కిలో అయితే పచ్చిది కనీసం 700 గ్రాములు, నా లెక్కలో 800. దానికి తోడు ఎండు ప్లమ్స్. ఇక నీళ్ల సంగతి: బిగోస్‌ను మన ఇగురులా చూడాలి, పులుసులా కాదు. నీరు ఇగిరిపోవడానికే అన్ని గంటలు పడతాయి. గంటన్నరలో దించేస్తే అది పులిసిన క్యాబేజీ చారే.

8 నుంచి 10 మందికి కొలతలు ఇవి. కపుస్తా కిషోనా 1 కిలో, పచ్చి క్యాబేజీ 800 గ్రాములు, పంది భుజం మాంసం (దుకాణంలో వొపాట్కా అని అడగండి) 600 గ్రాములు, గొడ్డు మాంసం తినేవాళ్లయితే 300 గ్రాములు, లేదంటే అంత బరువుకు పంది మెడ మాంసం (కర్కూఫ్కా). పొగబెట్టిన బోచెక్, అంటే బేకన్ ముక్క, 200 గ్రాములు. పొగబెట్టిన కియెవ్‌బాసా, అంటే సాసేజ్, 400 గ్రాములు. ఎండు పుట్టగొడుగులు 40 గ్రాములు, గింజ తీసిన ఎండు ప్లమ్స్ 12, పెద్ద ఉల్లిపాయలు 2, తీపి లేని రెడ్ వైన్ 200 మిల్లీలీటర్లు, పంది కొవ్వు 2 పెద్ద చెంచాలు. మసాలా దినుసుల్లో లారెల్ ఆకులు 3, ఆల్‌స్పైస్ గింజలు 6, జూనిపర్ గింజలు 8, మిరియాలు 10, కారవే గింజలు 1 చిన్న చెంచా, ఎండు మరువం 1 పెద్ద చెంచా. టమాటా పేస్టు వేసేవాళ్లూ ఉన్నారు, అసలు వద్దనేవాళ్లూ ఉన్నారు. వేస్తే 2 పెద్ద చెంచాలు మించకూడదు. కెచప్ మాత్రం వద్దు, బిగోస్ రుచి కాస్తా సాస్ రుచి అయిపోతుంది.

వెల్లుల్లి కొందరు ఒకటి రెండు రెబ్బలు వేస్తారు, అది వాళ్ల ఇష్టం. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, గరం మసాలా మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఇందులో ఘాటు పనిచేయదు, పొగ వాసన, పులుపు, పుట్టగొడుగుల గాఢమైన రుచి కలిసి పనిచేస్తాయి. అల్లం పడితే మూడూ మరుగున పడతాయి.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని. పులిసిన క్యాబేజీ ప్యాకెట్ మీద క్యాబేజీ, క్యారెట్, ఉప్పు ఉంటే చాలు. ఒత్సెత్ (వెనిగర్) అని కనిపిస్తే కొనకుండా అక్కడే పెట్టేయండి. వెనిగర్ పులుపు ముక్కుకు కొడుతుంది, ఎంత ఉడికించినా నాలుక మీద విడిగా తెలుస్తుంది. సంతల్లో పీపాల్లోంచి తీసి అమ్మేది ఇంకా మంచిది. సాసేజ్‌లో పొగబెట్టినదే కావాలి. యవోవ్‌ట్సోవా అనే రకం, జూనిపర్ వాసన ఉండేది, బాగా నప్పుతుంది. బియావా అనే తెల్ల సాసేజ్ జురెక్ సూపుకు, బిగోస్‌కు కాదు. పరూఫ్‌కి అనే మెత్తని సాసేజ్ వేస్తే ఉడికి ఉబ్బి రబ్బరు ముక్కల్లా తేలుతుంది. పుట్టగొడుగుల్లో బొరోవిక్ మేలిరకం, ధర ఎక్కువ. పొద్గ్‌జిబెక్ చవక, దీనికి అదే సరిపోతుంది. తెల్ల బటన్ పుట్టగొడుగులు ఎన్ని వేసినా ఆ వాసన రాదు, పైగా నీరు వదులుతాయి.

పోలిష్‌లో క్మినెక్ అంటే జీలకర్ర కాదు, కారవే. వంటల అనువాదాల్లో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది. జీలకర్ర వేస్తే మొదటి ముద్దలోనే ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

గిన్నె స్టీలుదో, ఎనామెల్ పూతదో అయి ఉండాలి. అడుగు మందంగా ఉండాలి, 7 లీటర్లు పట్టాలి. ఇండాలియం గిన్నె వద్దు, అల్యూమినియం కుక్కర్ అసలే వద్దు: ఆ పులుపులో గంటల తరబడి మరిగితే లోహం రుచి వస్తుంది. స్టీలు కుక్కర్ అయినా మూత బిగించి చేస్తే నీరు ఇగరదు. కావాలంటే మాంసం వరకు అందులో ఉడికించుకోవచ్చు.

ముందురోజు రాత్రి ఎండు పుట్టగొడుగుల్ని అర లీటరు నీళ్లలో నానబెట్టండి. పొద్దున చేత్తో తీసి తరగండి. ఆ గోధుమరంగు నీళ్లు పారబోస్తే సగం రుచి పారబోసినట్టే. అయితే అడుగున ఇసుక ఉంటుంది కాబట్టి పలుచని గుడ్డలో వడకట్టాలి. చివరి రెండు చెంచాల నీరు గిన్నెలోనే వదిలేయండి.

పులిసిన క్యాబేజీని ముందు రుచి చూడండి. ప్రతి ప్యాకెట్ ఒకే పులుపు ఉండదు. చేత్తో గట్టిగా పిండి, ఆ నీటిని ఒక సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచండి, దాని అవసరం చివర్లో వస్తుంది. మరీ పుల్లగా ఉంటే ఒక్కసారి చన్నీళ్లలో జాడించి పిండండి. రెండుమూడు సార్లు కడిగితే చప్పగా పీచులా మిగులుతుంది, తర్వాత ఏం చేసినా కోలుకోదు. పిండాక అడ్డంగా కోసి 3, 4 సెంటీమీటర్ల ముక్కలు చేయండి. పొడుగ్గా వదిలేస్తే చెంచాకు చుట్టుకుంటుంది. దీన్ని అర లీటరు నీళ్లతో, లారెల్ ఆకులు, ఆల్‌స్పైస్, మిరియాలు, కాస్త నలగ్గొట్టిన జూనిపర్ గింజలతో పొయ్యి మీద పెట్టండి. మొదటి 15 నిమిషాలు మూత వద్దు, ఘాటు వాసన పోవాలి. తర్వాత మూత వేసి సన్నని సెగ మీద గంట. ఉప్పు ఇప్పుడు వేయకండి, ఆఖరి రోజు దాకా వేయకండి. క్యాబేజీలో, బోచెక్‌లో, సాసేజ్‌లో ఉన్నది నీరు ఇగిరేకొద్దీ పైకి తేలుతుంది.

పచ్చి క్యాబేజీని సన్నగా తరిగి, మరుగుతున్న నీళ్లలో 5 నిమిషాలు ఉంచి వార్చేయండి. గంధకం వాసన చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. ఆ తర్వాత ఒక గ్లాసు కొత్త నీళ్లతో, కారవే గింజలతో 25 నిమిషాలు మగ్గనివ్వండి. వేళ్ల మధ్య నొక్కితే నలగాలి. అప్పుడే పులిసిన దాంట్లో కలపాలి.

మాంసం దగ్గర తొందర పనికిరాదు. 3 సెంటీమీటర్ల ముక్కలు కోసి, గుడ్డతో తడి అద్ది తీయండి. ముందు బోచెక్ ముక్కల్ని పెనంలో వేసి కొవ్వు కరగనిచ్చి తీసేయండి. ఆ కొవ్వులోనే, చాలకపోతే పంది కొవ్వు కలిపి, మాంసాన్ని మూడు నాలుగు వాయిలుగా వేయించండి. ముక్కకూ ముక్కకూ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి, వేగడానికి బదులు ఉడుకుతుంది, బూడిదరంగుకు తిరుగుతుంది. బిగోస్‌కు ఆ ముదురు రంగు చాలావరకు ఈ వేపుడు నుంచే వస్తుంది. పాలిపోయిన బిగోస్ చూస్తే వండినవాళ్లు ఇక్కడ ఓపిక పట్టలేదని అర్థం. అన్నీ అయ్యాక అదే పెనంలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, వైన్ పోసి, అట్లకాడతో అడుగంతా గీకండి. ఆ గీకినదంతా గిన్నెలోకి వెళ్లాలి.

గొడ్డు మాంసం ఉంటే దాన్ని పుట్టగొడుగుల నీళ్లలో గంటసేపు విడిగా ఉడికించుకోండి. గోంగూర మటన్‌లో మటన్ ముందు ఉడికించి ఆ తర్వాతే గోంగూర వేస్తాం కదా, ఇక్కడా అలాగే. పంది భుజానికి ఆ అవసరం లేదు, అందులో కొవ్వూ బంధన పొరలూ ఎక్కువ, నెమ్మదిగా కరిగి బిగోస్‌కు జిగి ఇస్తాయి. పంది నడుము భాగం, అంటే కొవ్వులేని స్ఖాబ్, కొనకండి. మూడు రోజులు మరిగాక అది దారాలు దారాలుగా విడిపోతుంది.

ఇప్పుడు అన్నీ ఒక గిన్నెలోకి: రెండు క్యాబేజీలు, మాంసాలు, బోచెక్, ఉల్లి, వైన్, పుట్టగొడుగులు, వాటి నీళ్లు. సాసేజ్‌ను 5 మిల్లీమీటర్ల బిళ్లలుగా కోసి కాస్త వేయించి, సగం ఇప్పుడు వేయండి, సగం మూడో రోజుకు దాచండి. మొదటి సగం తన పొగనంతా క్యాబేజీకి ధారపోసి చప్పబడుతుంది. రెండో సగమే నోటికి సాసేజ్‌లా తగులుతుంది. నీరు ముక్కల మట్టానికి ఒక వేలు కింద ఉండాలి, ముక్కలు ఈదకూడదు. సన్నని సెగ మీద, మూత కొంచెం వారగా పెట్టి, 2 గంటలు. పావుగంటకోసారి చెక్క అట్లకాడతో అడుగుదాకా కలపాలి. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల దగ్గర మూత పెట్టి 3 గంటలు పెట్టేయండి, అడుగంటే భయం దాదాపు ఉండదు, కలిపే పనీ తగ్గుతుంది. దించడానికి అరగంట ముందు ఎండు ప్లమ్స్ వేయాలి. ముందే వేస్తే కరిగి కనిపించకుండా పోతాయి. పొగబెట్టిన ప్లమ్స్ దొరికితే 8 చాలు.

అడుగంటిందా, గీకకండి. పైది పైగా వేరే గిన్నెలోకి తీసేయండి. మాడిన అడుగును ఒక్కసారి కలిపేస్తే ఆ చేదు గిన్నెంతా పాకుతుంది, దానికి మందు లేదు.

మొదటి రోజు రుచి చూసి నిరాశ పడకండి. చేపల పులుసు మర్నాటికి బాగుంటుందంటాం, బిగోస్‌కు మర్నాడు కూడా చాలదు, మూడో రోజు కావాలి. రెండో రోజు గంటన్నర, మూడో రోజు గంట, అదే సన్నని సెగ. ప్రతిసారి కొంత నీరు ఇగురుతుంది, చల్లారేటప్పుడు పొగా ఉప్పూ క్యాబేజీలోకి దిగుతాయి. రెండో రోజు పొద్దున పైన గడ్డకట్టిన కొవ్వు మరీ మందంగా ఉంటే సగం తీసేయండి. మొత్తం తీస్తే ఎండిపోయినట్టుంటుంది. మూడో రోజు మిగతా సాసేజ్, చేత్తో నలిపిన మరువం వేసి, ఇప్పుడు ఉప్పు చూడండి. చాలాసార్లు అవసరమే పడదు.

రాత్రంతా పొయ్యి మీదే వదిలేయడం మాత్రం కూడదు. పోలండ్ ఇళ్లలో చలికాలం గిన్నెను బాల్కనీలో పెట్టేవారు, బయట సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు అది సరిపోతుంది, 10 డిగ్రీలున్న రోజున సరిపోదు. ఇంత పెద్ద గిన్నె లోపల గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, మాంసం పాడయ్యేది ఆ వేడిలోనే. వెడల్పాటి పళ్లాల్లోకి తీయండి, లేదా సింకులో చన్నీళ్లు నింపి గిన్నెను అందులో పెట్టి కలుపుతూ ఉండండి. 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. వేడిచేసేటప్పుడు గోరువెచ్చగా కాదు, బుడగలు వచ్చేదాకా మరగాలి. మూడో రోజు తర్వాత ఫ్రిజ్‌లో మరో 3 రోజులు, ఫ్రీజర్‌లో 3 నెలలు ఉంటుంది. గడ్డకట్టి కరిగాక రుచి తగ్గదు సరికదా, క్యాబేజీ ఇంకాస్త మెత్తబడుతుంది.

ఇంత చేశాక కూడా పులుపు ఎక్కువనిపిస్తే ఇంకో 200 గ్రాముల పచ్చి క్యాబేజీని విడిగా మెత్తగా మగ్గించి కలపండి. లేదా పోవిద్వా అనే చిక్కటి ప్లమ్ జామ్ ఒక పెద్ద చెంచా వేయండి. వంటసోడా వద్దు, పులుపు విరుగుతుంది గానీ క్యాబేజీ గుజ్జవుతుంది, సబ్బు రుచి వస్తుంది. పులుపు తక్కువైతే దాచిన క్యాబేజీ నీరు చెంచా చెంచాగా, దించే ముందు. చేదు వస్తే సాధారణంగా జూనిపర్ ఎక్కువ పడింది, లేదా ఉల్లి మాడింది. మైదా వేయించి కలిపి చిక్కబరిచేవాళ్లున్నారు. నీరు ఇగిరేదాకా ఆగలేని వంటకు అది అతుకు మాత్రమే, నేనైతే వేయను.

ఇక హైదరాబాద్ సంగతి. మరువం కోసం వెతకక్కర్లేదు: వాళ్ల మయెరానెక్, మన పూలదండల్లో కట్టే మరువం ఒకటే. మందు కొట్టని ఇంటి మొక్కది కోసి, నీడన నాలుగు రోజులు ఆరబెట్టి నలపండి. బిర్యానీ ఆకు మాత్రం లారెల్ ఆకు కాదు, దానిది దాల్చినచెక్క జాతి, వాసన కూడా అదే. లారెల్ దొరక్కపోతే అసలు మానేయండి. కారవేకు బదులు షాజీర సగం కొలతకు. ఆల్‌స్పైస్ లేకపోతే 2 లవంగాలు, చిటికెడు జాజికాయ పొడి. ఎండు ప్లమ్స్ సూపర్ మార్కెట్లలో ఉంటాయి. ఆల్‌బుఖారా వాడితే గింజ తీయాలి, పులుపు కాబట్టి 8కి మించొద్దు. జూనిపర్, ఎండు పుట్టగొడుగులు పోలండ్ నుంచే తెచ్చుకోండి, తేలిక, పాడవవు.

పులిసిన క్యాబేజీ అక్కడ చేసుకోవడమే మేలు. ఊరగాయ అలవాటు చొప్పున చేతి అంచనాతో ఉప్పు వేయకండి, ఇందులో నూనె లేదు, కారం లేదు, ఉప్పు క్యాబేజీ బరువులో 2 శాతమే. 2 కిలోలకు 40 గ్రాములు, తూకం వేసి. సన్నగా తరిగి, ఉప్పు చల్లి నీరూరేదాకా 10 నిమిషాలు పిసికి, శుభ్రమైన జాడీలో కూరి, ముక్కలు నీటిలో మునిగేలా పైన బరువు పెట్టండి. మూత బిగించొద్దు, గాలి పోవాలి. 20 డిగ్రీల దగ్గర 3 వారాలు పడుతుంది. డిసెంబర్, జనవరి నెలలు దీనికి అనువు. మే నెల వేడిలో వారానికే పులుస్తుంది గానీ మెత్తబడి, వాసన తేడాగా వస్తుంది. పైన తెల్లటి పలుచని పొర కడితే తీసేయొచ్చు. గులాబీ రంగు తిరిగినా, బూజు పట్టినా జాడీ మొత్తం పారేయాలి.

పొగబెట్టిన పంది సాసేజ్, బేకన్ ఫ్రోజెన్ మాంసం దుకాణాల్లో దొరుకుతాయి. మామూలు చికెన్ సాసేజ్‌లో పొగ ఉండదు. ఇంట్లో పంది తినకపోతే బాతు, లేదా మటన్ ఎముకతో ఉన్న ముక్కలు వాడండి. పోలండ్‌లోనూ బాతు, వేట మాంసం వేస్తారు, అది తప్పేమీ కాదు. అప్పుడు పొగ కోసం మన పద్ధతే: ఉడికిన బిగోస్ మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, నిప్పు బొగ్గు వేసి, దాని మీద చుక్క కొవ్వు వేసి, వెంటనే మూత పెట్టి 5 నిమిషాలు. పది నిమిషాలు ఉంచితే మసి రుచి వస్తుంది.

వడ్డించేటప్పుడు రై రొట్టె, లేదా విడిగా ఉడికించిన బంగాళదుంపలు. దుంపల్ని బిగోస్‌లోనే వేసి ఉడికించాలని చూడకండి, ఆ పులుపులో అవీ పప్పు బాపతే, గంటైనా లోపల గట్టిగానే ఉంటాయి. అన్నంలోకి కావాలని ఇంట్లో అడిగితే మూడో రోజు పూర్తిగా ఇగరనివ్వకుండా గరిటెడు నీరుండగానే దించండి.